రంగం డబ్బు, రంగం కొట్లు

కూలికి పైదేశం పోయి నాలుగు డబ్బులతో తిరిగొచ్చినవాడు మొదట ఇల్లు కడతాడు. కుదిరితే ఎకరం కొంటాడు. చెల్లెలికో కూతురికో పెళ్ళి చేస్తాడు. ఇవన్నీ అయ్యాక చేతిలో ఏమైనా మిగిలితే అప్పుడు కొట్టు పెడదామని బయల్దేరతాడు. విశాఖపట్నంలో ఒక సహకార బ్యాంకులో చిన్న వ్యాపారుల అప్పుల దరఖాస్తులు చూసి చూసి రిటైరైనవాణ్ణి, ఈ వరస నాకు కంఠతా వచ్చు. కువైట్ నుంచి వచ్చినవాళ్ళు, దుబాయ్ నుంచి వచ్చినవాళ్ళు, సింగపూర్ షిప్‌యార్డుల్లో వెల్డింగు చేసి వచ్చినవాళ్ళు, అందరిదీ ఇదే వరస. ఇది గల్ఫ్ నేర్పిన అలవాటని చాలామంది అనుకుంటారు. కాదు. ఇల్లూ భూమీ దాకా ఇది మా తాతల నాటి రంగం అలవాటు.

మా వైపు రంగూన్‌ని రంగం అనేవారు. స్టీమరు గోపాల్‌పూర్‌లో బయల్దేరి బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో మనుషుల్ని ఎక్కించుకునేది. టిక్కెట్టు డెక్కు మీదకే. ఎండొచ్చినా వానొచ్చినా అక్కడే పడక. టిక్కెట్టు డబ్బు కూలీల్ని కుదిర్చే మేస్త్రీ ఇచ్చేవాడు. ఇంటికాడ పెళ్ళాం బిడ్డల కోసం ఇంకొంత చేతిలో పెట్టేవాడు. రంగంలో దిగాక ఆ బాకీ తీరేదాకా కూలి డబ్బు మేస్త్రీ చేతుల మీదుగానే రావాలి. పని ధాన్యం మిల్లుల్లో, రేవులో, రిక్షాల దగ్గర. ఒకప్పుడు కాకినాడ పక్కన కోరంగి పెద్ద రేవు కాబట్టి తెలుగువాళ్ళందర్నీ బర్మావాళ్ళు కోరంగీలనేవారు, శ్రీకాకుళం నుంచి వచ్చినా కోరంగీయే.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షల పైమాటే. రంగూన్ నగరంలోనైతే సగం మందికి పైగా మనవాళ్ళే. కానీ మనవాళ్ళు అన్న మాటలో చాలా అరలున్నాయి. చెట్టియార్లు వడ్డీ వ్యాపారం చేశారు. 1930ల మాంద్యంలో బాకీ కట్టలేని రైతుల భూములు వాళ్ళ చేతికొచ్చి, దిగువ బర్మా సాగుభూమిలో దాదాపు నాలుగోవంతు వాళ్ళదైంది. గుజరాతీలు, సూరత్ ముస్లింలు బట్టలూ సరుకులూ అమ్మారు. తెలుగువాళ్ళు ఎక్కువమంది బస్తాలెత్తారు. ప్రపంచానికి బియ్యం అమ్మే రేవులో ఏళ్ళ తరబడి నిలబడీ వ్యాపారం ముట్టుకోలేదు. మా తాత మాట ఒకటి నాన్న తరచూ చెప్పేవాడు: “బస్తా ఎత్తినోడికి బస్తా బరువే తెలుస్తాదిరా, ధర తెలీదు.”

అలా సంపాదించిన డబ్బు ఊరికొచ్చి ఏమైందంటే భూమి అయింది. పాక తీసి పెంకుటిల్లు వేశారు. టేకు మంచం, తాళం వేసే పెట్టె, గళ్ళ లుంగీలు కనిపిస్తే ఆ ఇంట్లో ఎవరో రంగం పోయి వచ్చారని లెక్క. మా తాత టెక్కలి పక్కన మెట్ట భూమి కొన్నాడు, వానలు పడితే చోళ్ళు పండేది. కొట్టు మాత్రం పెట్టలేదు, ఆయనే కాదు, ఆ ఊరి నుంచి రంగం పోయినవాళ్ళెవరూ పెట్టలేదట. ధైర్యం లేక కాదు, సముద్రం దాటిన మనుషులు వాళ్ళు. ఊళ్ళో కొట్టు షావుకారుది. సరుకు ఎక్కడ దొరుకుతుందో, ఎవరు అరువిస్తారో, ఏ పంట చేతికొచ్చినప్పుడు ఎవరి దగ్గర వసూలు చేయాలో ఆ ఇంటికి తరాలుగా తెలుసు. పైగా ఊరంతా తాతకు చుట్టాలే. షావుకారు బాకీ అడిగితే అది వ్యాపారం, బావమరిది అడిగితే అవమానం. సొంతూళ్ళో కొట్టు పెట్టినవాడికి బేరం ఉంటుంది గానీ వసూలుండదు. ఈ సంగతి తర్వాత నా టేబులు మీదకొచ్చిన ఫైళ్ళలో ఎన్నిసార్లు చదివానో!

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీల్ని దించాయి. సమ్మె తీరి పాతవాళ్ళు పనిలోకి రాగానే కొత్తవాళ్ళను పొమ్మన్నారు. అక్కడ మొదలైన కొట్లాట నగరమంతా పాకి వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది కోరంగీలే. 1938లో మళ్ళీ అల్లర్లు. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాయి. ఓడలో చోటు దొరకనివాళ్ళు లక్షల్లో నడిచారు, కొందరు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు, కొందరు తము ఊరి మీదుగా మణిపూర్ వైపు. మా తాత అరకాన్ దారిన నడిచాడు. తీరా విశాఖ చేరితే 1942 ఏప్రిల్ 6న ఇక్కడా జపాను బాంబులే. ఆ ఏడు రంగం నుంచి వచ్చినవాళ్ళు వ్యాపారం మాట ఎత్తే స్థితిలో లేరు. ఒంటి మీద బట్టతో వచ్చారు, యుద్ధం ముగిసేదాకా దొరికిన పని చేశారు.

యుద్ధం అయ్యాక మళ్ళీ రంగం వెళ్ళినవాళ్ళున్నారు. తాతా వెళ్ళాడు. ఈసారి ఒంటరిగా కాదు, మామ్మనీ చిన్నపిల్లాడైన నాన్ననీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. నాకు తెలిసినంతలో తెలుగువాళ్ళ రంగం చరిత్ర మలుపు తిరిగింది ఇక్కడే. ఒంటిగా ఉన్న మగవాడు కూలి దాచి ఊరికి పంపుతాడు. ఇల్లాలు పక్కనుంటే ఇంటి ముందు చాప పరిచి ఏదో ఒకటి అమ్ముతుంది. మామ్మ మొదట పకోడీలు వేసింది, తర్వాత టీ పెట్టింది. కొన్నాళ్ళకు తాత రేవు మానేసి చిన్న చిల్లర కొట్టు తెరిచాడు. అక్కడ ఆయనకు చుట్టాలు లేరు, మొహమాటమూ లేదు. నాన్న పొట్లాలు కడుతూ బర్మా భాషలో లెక్కలు నేర్చాడు.

1962 మార్చి 2న సైన్యాధిపతి నె విన్ ప్రభుత్వాన్ని కూలదోసి గద్దెనెక్కాడు. 1964 మార్చిలో వేలాది దుకాణాలు ఒక్క దెబ్బకు జాతీయమైపోయాయి. పెద్ద పెద్ద గిడ్డంగులతో పాటు మా తాత కొట్టులాంటివి కూడా. తలుపు మీద నంబరు వేసి ఇది ప్రజల దుకాణం అన్నారు. మేలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. అప్పటికి దాచుకున్నదంతా పెద్ద నోట్లలోనే ఉంటుంది కదా ఎవరికైనా. ఆ తర్వాతి కొద్ది ఏళ్ళలో సుమారు 3 లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. ఓడలు మద్రాసుకు, విశాఖకు వచ్చాయి. చేతిలో పట్టుకురానిచ్చిన డబ్బు ఓడ దిగాక వారం తినడానికి చాలదు.

విశాఖలో వాళ్ళకు కంచరపాలెంలో చోటు చూపించారు. ఇప్పటికీ దాన్ని బర్మా క్యాంపనే అంటారు. నేను పుట్టింది అక్కడే. టెక్కలి మెట్ట భూమి సంగతి అడుగుతారేమో. అది అప్పటికి తాత తమ్ముళ్ళ చేతిలో ఉంది, పన్నులు కట్టింది వాళ్ళు, దున్నింది వాళ్ళు. నాన్న వెళ్ళి రెండు పూటలు భోంచేసి వచ్చేశాడు. భూమి అడగలేదు. అడిగినా తనకు దున్నడం రాదు. మా ఇంట్లో వ్యాపారం పుట్టింది ఇందుకే అని నా నమ్మకం. రంగం డబ్బు భూమి కొనగలిగినన్నాళ్ళు కొట్టు మాట ఎవరూ ఎత్తలేదు. వెనక్కి వెళ్ళడానికి ఊరు లేనివాళ్ళే త్రాసు పట్టారు.

కేంద్ర పునరావాస శాఖ బర్మా నుంచి వచ్చినవాళ్ళకు వ్యాపారం పెట్టుకోవడానికి 5,000 రూపాయల దాకా అప్పు ఇచ్చింది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. ఉద్దేశం మంచిదే, కానీ ఆ పథకం రాసినవాళ్ళు ఒక సంగతి చూడలేదు. ఒకే చోట దింపిన మనుషులకు ఒకేసారి ఒకే రకం అప్పిస్తే అందరూ ఒకే కొట్టు పెడతారు. క్యాంపులో ఎటు చూసినా కిరాణా కొట్టే. ఉప్పూ పప్పూ అగ్గిపెట్టెలూ. కొనాల్సినవాళ్ళూ బర్మా నుంచి వచ్చినవాళ్ళే, వాళ్ళ దగ్గరా డబ్బుల్లేవు. నాన్న కొట్టు మొదటి దీపావళి చూసింది, సంక్రాంతి నాటికి బీరువా అమ్మేశాడు. అప్పు మాత్రం మిగిలింది. తర్వాత సైకిలు మీద లుంగీలు పెట్టుకుని కంచరపాలెం నుంచి మల్కాపురం దాకా తిరిగాడు. బతకడానికి సరిపోయింది గానీ దాన్ని వ్యాపారమనలేం.

నిలబడింది అమ్మ పెట్టిన తిండి బండి. క్యాంపుకి ఒక పక్క రైల్వే వాళ్ళ క్వార్టర్లు, ఇంకో పక్క పారిశ్రామికవాడ. 1952లో ప్రభుత్వం చేతికొచ్చిన హిందుస్థాన్ షిప్‌యార్డు, 1957లో వచ్చిన కాల్టెక్స్ రిఫైనరీ, తర్వాత ఎరువుల కర్మాగారం, భారీ యంత్రాల కర్మాగారం, ఇవన్నీ ఆ ఏళ్ళలో ఊరి మొహాన్ని మార్చేశాయి. షిఫ్టు దిగిన మనిషికి రాత్రి పదింటికి ఆకలేస్తుంది. ఆ వేళకు ఇడ్లీ కొట్లు కట్టేసి ఉండేవి. అమ్మ అప్పుడు పొయ్యి వెలిగించేది.

వండింది కౌస్వే. మైదాపిండితో చేసిన నూడుల్స్ మీద కొబ్బరిపాలూ శనగపిండీ కలిపి మరిగించిన పులుసు పోసి, పైన వేయించిన ఉల్లిపాయలు, ఎండుమిర్చి కారం, నిమ్మరసం. రంగంలో ఇందులో కోడిమాంసం వేస్తారు. అమ్మ గుడ్డు వేసింది, ఎందుకంటే కోడి వేస్తే ప్లేటు ధర రైల్వే కళాసీకి అందదు. చేపల ముద్ద, అదే ఙపీ, దాని వాసన ఇక్కడివాళ్ళకు పడదని మొదటి రోజే పక్కన పెట్టేసి ఎండురొయ్యల పొడి వాడింది. క్యాంపులోనే ఇంకో ఇంటివాళ్ళు పిండి కలిపి, చేత్తో తిప్పే మిషను మీద నూడుల్స్ కోసి, దండేల మీద ఆరవేసేవారు. వాళ్ళు ఇరవై ఇళ్ళకు అమ్మేవారు. నన్నడిగితే క్యాంపులో అసలు వ్యాపారవేత్తలు వాళ్ళే. తినే బండ్లు ఎన్ని లేచినా ఎన్ని పడినా నూడుల్స్ అందరూ వాళ్ళ దగ్గరే కొనాలి.

అమ్మ అరువిచ్చేది. నాన్నా అరువిచ్చాడు, కొట్టు మునిగింది. తేడా ఏమిటని పెద్దయ్యాక అడిగాను, బ్యాంకు పరీక్షకు చదువుతున్న రోజుల్లో. “జీతం తేదీ తెలిసినోడికి ఎంతయినా అరువియ్యొచ్చురా. మీ నాన్న ఎవుడికిచ్చినాడు? తనలాటోళ్ళకే కదేటి” అంది. రైల్వే జీతాల రోజున అమ్మ వంట మానేసి గేటు దగ్గర ఖాతా పుస్తకం పట్టుకుని నిలబడేది. చుట్ట అడ్డపొగ (నిప్పు లోపలికి) పెట్టుకుని, నోటి అటు పక్క నుంచి ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచేది.   ఆ తర్వాత నేను బ్యాంకులో నేర్చుకున్న అప్పు పాఠాలేవీ ఆ పుస్తకాన్ని దాటి పోలేదు.

మద్రాసులో దిగినవాళ్ళ కథ ఇంకో దారి పట్టింది. 1969లో అక్కడి ప్రభుత్వం వాళ్ళకు బీచ్ స్టేషను ఎదురుగా రోడ్డు పక్కన వరసగా కొట్లు వేసుకునే చోటు ఇచ్చింది. అదే బర్మా బజారు. పక్కనే హార్బరు, కస్టమ్స్ ఆఫీసు, హైకోర్టు, లోకల్ రైళ్ళు. అప్పట్లో విదేశీ సామాను దేశంలో దొరకదు. ఓడల వాళ్ళు తెచ్చిన సెంటు సీసాలు, టేప్ రికార్డర్లు, గడియారాలు ఆ కొట్లలోకి చేరేవి. అందులో కొంత దొంగ సరుకని ఊరందరికీ తెలుసు. దాన్ని నేను మెచ్చుకోను. కానీ అక్కడ పని చేసింది అప్పు కాదు, చోటు. రోజూ వేలమంది నడిచే దారిలో కాసింత జాగా దొరికితే మిగతా సంగతి వాళ్ళే చూసుకున్నారు. ఆ చుట్టుపక్కలే ఎర్రటి నూడుల్స్‌లో పచ్చి క్యాబేజీ, ఉల్లిపాయ, చింతపండు నీళ్ళు కలిపి ఇచ్చే అత్తో బండ్లు వచ్చాయి. ఈనాటికీ సాయంత్రాలు జనం నిలబడి తింటున్నారు.

అదే ఏడాది మద్రాసులోనే బర్మా, సింహళ కాందిశీకుల కోసం ఒక సహకార బ్యాంకు పుట్టింది. ఇప్పుడు రెప్కో అంటున్నది అదే. కేంద్రంతో పాటు నాలుగు దక్షిణాది రాష్ట్ర ప్రభుత్వాలకూ అందులో వాటా ఉంది. ఒకసారి అప్పిచ్చి పంపేస్తే చాలదని, రెండోసారి మూడోసారి కూడా ఇచ్చే సంస్థ ఉండాలని ఎవరికో తట్టినందుకు సంతోషం. మొదటి అప్పు నేర్చుకోవడానికే ఖర్చయిపోతుంది. కొట్టు నిలబెట్టేది రెండో అప్పు. నేను పనిచేసింది ఆ బ్యాంకులో కాదు కాబట్టి ఇది సొంత డబ్బా అనుకోకండి.

ఇంకొందరు తమిళులు క్యాంపుల్లో ఉండలేక, మళ్ళీ బర్మా పోదామని మణిపూర్ దాకా వెళ్ళారు. సరిహద్దు దగ్గర బర్మా సైన్యం వెనక్కి పంపేసింది. వాళ్ళు అక్కడే మోరే అనే చిన్న ఊళ్ళో ఆగిపోయి, అటూ ఇటూ సరుకు మార్చే వ్యాపారం పట్టి, ఒక బజారునూ గుడినీ కూడా నిలబెట్టారు. రెండు భాషలు, రెండు డబ్బులు, రెండు దేశాల ధరలు తెలిసినవాడికి సరిహద్దును మించిన అంగడి ఏముంటుంది! మా కంచరపాలెంలో నాన్నకు బర్మా భాష వచ్చు, కానీ అది కొనేవాడు లేడు.

1973లో చమురు ధరలు పెరిగాక మనవాళ్ళ ఓడ రంగం నుంచి గల్ఫ్‌కి తిరిగింది. అంటే విమానమనుకోండి. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి, మా శ్రీకాకుళం నుంచి. మేస్త్రీ స్థానంలో ఏజెంటు వచ్చాడు. స్టీమరు టిక్కెట్టు బాకీ స్థానంలో వీసా బాకీ వచ్చింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు లక్షన్నరకు పైగా భారతీయుల్ని అమ్మాన్ నుంచి విమానాల్లో తెచ్చారు. 1964 నాటి ఓడలే గుర్తొచ్చాయి మా ఇంట్లో అందరికీ. నాన్న టీవీ ముందు కూర్చుని, “దినార్లు మార్చుకున్నారో లేదో” అని ఒకటే అడిగాడు.

ఆ తర్వాతి ఏళ్ళలో నా టేబులు ముందుకొచ్చినవాళ్ళు అడిగినవి మూడే: ఫ్యాన్సీ షాపు, సెల్‌ఫోన్ షాపు, మినీ సూపర్‌మార్కెట్. అదీ సొంతూళ్ళోనే, కట్టుకున్న కొత్త ఇంటి కింద గదిలోనే. పన్నెండేళ్ళు అక్కడ ఏం చేశావయ్యా అంటే లిఫ్టులు బిగించానంటాడు, పైపుల మీద అతుకులు వేశానంటాడు. మరి ఇక్కడ సబ్బులెందుకు అమ్ముతావు? చాలామందికి చేతిపనితో మళ్ళీ బతకడమంటే నామోషీ. దుబాయ్‌లో స్పానర్ పట్టినవాడు ఊళ్ళో కుర్చీలో కూర్చోవాలి. కుర్చీలో కూర్చుంటే తప్ప వెళ్ళినందుకు ఫలితం కనపడదు వాళ్ళింట్లో. ఆ కుర్చీ ఖరీదు నేను చూశాను.

తిరిగొచ్చినవాళ్ళకు ఊతమివ్వడంలో కేరళ వాళ్ళు మనకన్నా ముందున్నారు. అక్కడ నార్కా అనే ప్రభుత్వ శాఖ ఉంది. కనీసం రెండేళ్ళు విదేశంలో పనిచేసి తిరిగొచ్చినవాళ్ళకు 30 లక్షల దాకా పెట్టుబడిలో 15 శాతం, 3 లక్షలకు మించకుండా, రాయితీ ఇస్తుంది. ఇక్కడ మేం ముద్రా అప్పులూ, ప్రధానమంత్రి ఉపాధి పథకం దరఖాస్తులూ రాయించేవాళ్ళం. అవి అందరికీ ఉన్నవే. తిరిగొచ్చినవాడి ఇబ్బంది వేరు: అతనికి పదేళ్ళ పని చేతిలో ఉంటుంది, ఇక్కడి బజారుతో పదేళ్ళుగా పరిచయం ఉండదు. ఎవరు ఎవరికి బాకీయో, ఏ డీలరు మాట మీద నిలబడతాడో తెలియదు.

ఉద్దానం వైపు నుంచి ఒకతను వచ్చాడు, నేను రిటైరవడానికి కొంచెం ముందు. గల్ఫ్‌లో ఏసీలూ శీతల గిడ్డంగులూ రిపేరు చేసినవాడు. అడిగింది సూపర్‌మార్కెట్టే. నేను దరఖాస్తు తీసుకోకుండా రెండు ప్రశ్నలడిగాను: మీ ఊళ్ళో నెల జీతం వచ్చే ఇళ్ళెన్ని, ఎండాకాలం పలాసలో ఏసీ చెడిపోతే ఎవర్ని పిలుస్తారు? మొదటిదానికి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. రెండోదానికి నవ్వేశాడు, “బరంపురం నుంచి రావాలండీ, ఒకోపాలి నాలుగ్రోజులు పడతాది.” నెల్లాళ్ళ తర్వాత పలాసలో చిన్న గది అద్దెకు తీసుకున్న కాగితం పట్టుకొచ్చాడు. పనిముట్లకీ, గ్యాసు సిలిండర్లకీ, పాత మోటారు సైకిలుకీ కలిపి అప్పు రాశాం, అతను అడిగినదాంట్లో మూడోవంతు కూడా కాలేదు.

ఇప్పటికీ ఫోను చేస్తాడు. హోటళ్ళు, ఆసుపత్రులు, స్వీటు షాపులు అతని ఖాతాలు. పని దొరకడం ఇబ్బంది కాదంటాడు, హోటలువాళ్ళు డబ్బు రెండు నెలలు తిప్పుతున్నారట. మొన్న అడిగాడు, “సార్, ఆసుపత్రోళ్ళు బిల్లు మీద సంతకమెట్టిచ్చినారు, డబ్బులు మాత్రం దసరాకంటన్నారు. ఆ బిల్లు చూపిస్తే బ్యాంకు రెండో అప్పిస్తాదా?” ఇస్తుంది, కానీ సంతకం పక్కన ముద్ర కూడా వేయించుకో, తేదీ రాయించుకో అన్నాను. ఆసుపత్రిలో జీతాలిచ్చేది ఏ తేదీనో కూడా కనుక్కోమన్నాను.